జన్యువును తెరచుటకు శక్తి ఎక్కడిది?

కృష్ణా డెల్టాలో వరి కోతలకు రెండు మూడు దినములు ముందుగా రైతులు నిలిచియున్న పైరులోనే మినుము విత్తనములు వెదజల్లుదురు. కోత ముగిసి పనలు లేచునప్పటికి మొలకలు పైకి వచ్చును. దుక్కి లేదు, వరి విడిచిన తేమతోను, శీతకాలపు మంచుతోను ఆ పైరు ఎదుగును. దీనినే మాగాణి మినుము అందురు. నెల దాటిన మొక్క నొకదానిని మన్నుతో సహా పెల్లగించి, వేళ్లను నీటిలో మెల్లగా కడిగి చూచినచో వాటిమీద చిన్న చిన్న బుడిపెలు కనబడును. చురుకుగా పనిచేయుచున్న బుడిపెను గోటితో చిదిపినచో లోపల ఎర్రగా నుండును. అందు బ్రాడీరైజోబియము మొదలగు బాక్టీరియములు కాపురముండి, గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి మొక్కకు అందించుచుండును.

ఇంతవరకు ఉన్నత పాఠశాల పుస్తకములలోనే కలదు. అయితే అదే బాక్టీరియము బుడిపెకు వెలుపల, మట్టిలో ఒంటరిగా బ్రతుకునప్పుడు సాధారణముగా నత్రజని జోలికి పోదు. ఆ పనికి కావలసిన జన్యువులు అప్పుడును దానియందు ఉన్నవి. కాని అవి మూతపడి యున్నవి. బుడిపెలో చేరిన పిమ్మట అవి తెరచుకొనును. మూతపడిన జన్యువు తెరచుకొనుట యనగా నేమి? ఏయే ప్రోటీనులు వచ్చి తెరచును? తెరచుటకు శక్తి కావలెనా? కావలసినచో అది ఎక్కడినుండి వచ్చును?

ఈ ప్రశ్నలకు ఒకే జవాబు లేదు. ఒక మడిలో పెరికిన ఒక్క మినుము మొక్కలోనే మూడు విధములైన జవాబులు కలవు. బాక్టీరియపు సామాన్య జన్యువులకు ఒకటి, అదే బాక్టీరియపు నత్రజని జన్యువులకు మరియొకటి, మొక్క యొక్క సొంత జన్యువులకు వేరొకటి.

ఇటుక, నాణెము

జన్యువనగా డి.ఎన్.ఏ. దారములో ఒక భాగము. ఈ దారము రెండు పేటలుగా మెలిపడి యుండును. ఒక పేటలోని ఎడినీను రెండవ పేటలోని థైమీనుతోను, గ్వానీను సైటొసీనుతోను జతకట్టును. జన్యువులోని సందేశమును ఆర్.ఎన్.ఏ. రూపమున వ్రాసికొనుటను అనులేఖనము అందురు. ఈ పని చేయు ఎంజైము పేరు ఆర్.ఎన్.ఏ. పాలిమరేజు. 1959, 1960 సంవత్సరములలో పలువురు శాస్త్రజ్ఞులు వేర్వేరుగా దీనిని కనుగొనిరి. జతలు కట్టియున్న అక్షరములను చదువుటకు వీలులేదు గనుక, పాలిమరేజు ముందుగా రెండు పేటలను కొంతమేర విడదీయవలెను. పన్నెండు, పదునాలుగు జతలు విడివడి చిన్న బుడగవలె ఏర్పడినప్పుడే వ్రాత మొదలగును.

ఈ విషయము చెప్పునప్పుడు తరగతిలో తరచు ఒక గందరగోళము పుట్టును. ఆర్.ఎన్.ఏ.ను కట్టుటకు కావలసిన నాలుగు ముడిపదార్థములలో ఎ.టి.పి. ఒకటి. కణములో శక్తిని అందించు పదార్థము కూడ ఎ.టి.పి.యే. అనగా అది ఇటుకయు, నాణెమును. "అనులేఖనమునకు ఎ.టి.పి. కావలెనా?" అని అడిగినచో విద్యార్థి వెంటనే "కావలెను" అనును. జవాబు తప్పు కాదు. కాని ఇటుకగా కావలెనా, నాణెముగా కూడ కావలెనా అనునది అసలు ప్రశ్న.

ఎ.టి.పి.లో చక్కెర భాగమునకు మూడు ఫాస్ఫేటులు వరుసగా తగిలియుండును. ఇటుకగా వాడబడునప్పుడు మొదటి ఫాస్ఫేటుకు రెండవదానికి నడుమనున్న బంధము తెగి, చివరి రెండును జంటగా ఊడిపోవును. ఆ జంటను వేరొక ఎంజైము వెంటనే చీల్చివేయును గనుక కట్టుబడి వెనుకకు మరలదు. ఆ విధముగా ప్రతి ఇటుకయు తన్ను పేర్చుటకు అగు కూలిని తానే తెచ్చుకొనును. నాణెముగా వాడబడునప్పుడు మాత్రము సాధారణముగా రెండవ, మూడవ ఫాస్ఫేటుల నడిమి బంధము తెగును.

ఈ పదార్థమును మొట్టమొదట 1929లో కండరములనుండి వేరుపరచినవారిలో తెలుగువాడొకడు ఉండుట స్మరింపదగినది. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి దీనిని కనుగొనెను. జర్మనీలో కార్ల్ లోమన్ అదే సంవత్సరమున వేరుగా కనుగొనెను. అప్పటికి అది కండరమునకు సంబంధించిన పదార్థము మాత్రమే. కణములోని పనులన్నిటికి అదే చెల్లుబడియగు నాణెమని ఫ్రిట్జ్ లిప్మన్ 1941లో వివరించెను. జన్యువు తెరచుకొనుటతో దానికి గల సంబంధము తేలుటకు మరి నాలుగు దశాబ్దములు పట్టెను.

ఇటుకను నాణెమునుండి వేరుచేసి చూచుటకు రసాయనజ్ఞులు ఒక చక్కని ఉపాయము పన్నిరి. రెండవ, మూడవ ఫాస్ఫేటుల నడుమ నుండు ఆక్సిజను పరమాణువునకు బదులు నత్రజనిని ఉంచి ఎ.టి.పి.వంటి పదార్థమును తయారుచేసిరి. అది ఇటుకగా చక్కగా పనికివచ్చును. నాణెముగా చెల్లదు, ఏలయన ఆ బంధమును ఎంజైములు తెంపజాలవు. దీనికి విపర్యయముగా డి.ఎన్.ఏ.కు చెందిన డీఆక్సీ ఎ.టి.పి.ని ఆర్.ఎన్.ఏ. కట్టుటకు వాడరాదు, కాని అది నాణెముగా చెల్లుబడి యగును. పరీక్షనాళికలో ఒకసారి ఇది, ఒకసారి అది వేసి చూచినచో ఖర్చు ఎక్కడ పడుచున్నదో తెలిసిపోవును.

నాణెము అడుగని తలుపు

మొదట బాక్టీరియపు సామాన్య జన్యువుల సంగతి. పాలిమరేజు ఒంటరిగా నున్నప్పుడు ఆర్.ఎన్.ఏ.ను కట్టగలదు గాని ఎక్కడ మొదలుపెట్టవలెనో ఎరుగదు. 1969లో రిచర్డ్ బర్జెస్, ఆండ్రూ ట్రావర్స్ మొదలగువారు ఈ ఎంజైమును ఫాస్ఫోసెల్యులోజు నింపిన గొట్టముగుండా పంపి శుద్ధిచేయుచుండగా, శుద్ధమైన కొలది కొన్ని వైరసుల డి.ఎన్.ఏ.పై దాని శక్తి సన్నగిల్లెను. గొట్టమునుండి వేరుగా దిగిన మరియొక భాగమును కలిపినప్పుడు ఆ శక్తి తిరిగివచ్చెను. ఆ భాగములోని ప్రోటీనుకు సిగ్మా అని పేరిడిరి. బాక్టీరియములలో సామాన్య జన్యువుల బాధ్యత వహించుదానికి, ఎషెరిషియా కోలైలో దాని అణుభారమును బట్టి, సిగ్మా-70 అని వాడుక.

కాలువమీద ఏ తూము ఏ ఆయకట్టుకు పోవునో లస్కరుకు తెలిసియుండును. సిగ్మా అటువంటిది. జన్యువు మొదలగు చోటికి సుమారు 35 అక్షరములు ముందును, 10 అక్షరములు ముందును ఉండు రెండు గుర్తులను అది పోల్చుకొని, పాలిమరేజును అచ్చట నిలబెట్టును. నిలబెట్టుటయే కాదు, పేటలను విడదీయుటలోను దానికి పాత్ర కలదు. వేడిమివలన డి.ఎన్.ఏ. ఎల్లప్పుడు కొద్దిగా చలించుచుండును. అట్టి చలనములో ఒక జత తాత్కాలికముగా విడినప్పుడు, విడిన ఎడినీను అక్షరమును సిగ్మా తన గూటిలోనికి లాగి పట్టుకొనును. పిమ్మట ప్రక్క జతలు వరుసగా విడిపోవును. దీనికి ఎ.టి.పి. నాణెము అక్కరలేదు. సిగ్మాకు, విడిన పేటకు నడుమ కలుగు బంధములే ఆ ఖర్చును భరించును. అందుచేతనే పరీక్షనాళికను మంచులో ఉంచినచో అనేక జన్యువులవద్ద పాలిమరేజు వచ్చి కూర్చుండును గాని తలుపు తెరచుకొనదు. వెచ్చచేసినచో తెరచుకొనును.

ఇది నిజముగా ఉచితమా? కాదనవలసియున్నది. నులక తాడును చేతిలోనికి తీసికొని, పేనిన దిక్కునకు ఎదురుగా మెలిపెట్టినచో పేటలు తమంతట తామే వదులగును. బాక్టీరియములు తమ డి.ఎన్.ఏ.ను ఎల్లప్పుడు అటువంటి ఎదురు మెలికతోనే ఉంచుకొనును. ఆ మెలికను పెట్టు ఎంజైము పేరు గైరేజు. అది ఎ.టి.పి.ని ఖర్చుచేయును. కాబట్టి తలుపువద్ద ఎవరును నాణెము అడుగకపోయినను, ఊరంతటికి కలిపి ముందుగనే శిస్తు కట్టబడియున్నది. ఈ నులకతాటి ప్రయోగము తరగతిలో చేసి చూపుటకు మిక్కిలి అనువైనది. సన్నని దారముకన్న లావుపాటి పగ్గము మేలు.

తాళము వేసిన తలుపు

బుడిపెలోని నత్రజని జన్యువుల తీరు వేరు. వీటికి సిగ్మా-70 తరహా ప్రోటీను పనికిరాదు, సిగ్మా-54 అను మరియొకటి కావలెను. నత్రజని వ్యవహారములలో అవసరమగు ఒక ప్రోటీను నిజమునకు సిగ్మా జాతిదేనని 1985లో తేలినది. ఇది గుర్తుపట్టు స్థానములు కూడ వేరు. అవి ప్రారంభమునకు 24, 12 అక్షరములు ముందుండును. సిగ్మా-54తో కూడిన పాలిమరేజు ఆ స్థానమున గట్టిగా కూర్చుండును, కాని తెరువజాలదు. ఎంత వెచ్చచేసినను, ఎంతసేపు వేచియున్నను తలుపు కదలదు. పేటలు విడివడవలసిన చోటనే సిగ్మా-54లోని ఒక భాగము అడ్డుగడియవలె పడియుండును.

గడియ తీయువాడు వేరు. వాని పేరు నిఫ్-ఎ. ఈ ప్రోటీను జన్యువునకు వంద అక్షరములకు పైగా ఎగువన డి.ఎన్.ఏ.ను పట్టుకొనును. అంత దూరమునుండి తలుపును అందుకొనుట ఎట్లు? నడిమి డి.ఎన్.ఏ. విల్లువలె వంగి, రెండు కొసలను దగ్గరకు చేర్చును. వంపుటకు తోడ్పడు ప్రోటీనులు కూడ కలవు. నిఫ్-ఎ అణువులు ఆరు చేరి చక్రముగా ఏర్పడి, ఎ.టి.పి.ని చీల్చుచు, ఆ బలముతో సిగ్మా-54 ఆకృతిని మార్చి గడియను తొలగించును. ఇచ్చట ఎ.టి.పి. నిస్సందేహముగా నాణెమే. చీల్చుటకు వీలులేని ఎ.టి.పి.ని వేసినచో పాలిమరేజు కూర్చున్నచోటనే కూర్చుండును.

ఒకే బాక్టీరియములో ఒక తలుపు ఊరక తెరచుకొనునట్లును, మరియొక తలుపునకు ఇంత కట్టుదిట్టముగను ఏర్పాటు ఏల? నత్రజనిని స్థిరపరచు నైట్రోజినేజు అను ఎంజైము కణములోని మిక్కిలి ఖర్చుకోరులలో ఒకటి. ఒక్క నత్రజని అణువును అమ్మోనియాగా మార్చుటకు కనీసము 16 ఎ.టి.పి.లు కావలెను. పైగా ఆక్సిజను తగిలినచో అది పాడైపోవును. సామాన్య జన్యువుల తలుపులు మూసియున్నప్పుడును సందులనుండి కొద్దిగా కారుచుండును. సిగ్మా-54 తలుపు దాదాపు కారదు. ఈ బాక్టీరియముల నిఫ్-ఎ ప్రోటీను ఆక్సిజను ఎక్కువగా నున్నచోట పనిచేయకపోవుట మరియొక రక్షణ. బుడిపె లోపలి ఎరుపునకు కారణమైన లెగ్ హీమోగ్లోబిను స్వేచ్ఛగా తిరుగు ఆక్సిజనును పట్టి ఉంచి, దాని పాలు మిక్కిలి తక్కువగా నుండునట్లు చూచును. ఆ ఎరుపు కనబడుచున్నదనగా లోపల నిఫ్-ఎ పనిచేయుటకు తగిన పరిస్థితి ఉన్నదని చెప్పవచ్చును. లోపల పచ్చగానో గోధుమరంగుగానో ఉన్న బుడిపెలు పని ముగించినవి.

మొక్క కణములో పెద్ద బలగము

ఇక మినుము మొక్క, వరి మొక్క, మనుష్యుడు మొదలగు వాటి కణముల సంగతి. వీటికి కేంద్రకము కలదు. వీటిలో మూడు రకముల ముఖ్యమైన ఆర్.ఎన్.ఏ. పాలిమరేజులు ఉన్నవని 1969లో రాబర్ట్ రోడర్, విలియమ్ రటర్ చూపిరి. ప్రోటీనుల సందేశములను వ్రాయునది రెండవ పాలిమరేజు. దీనికి సిగ్మావంటి ఒక్క తోడు చాలదు. ఎ, బి, డి, ఇ, ఎఫ్, హెచ్ అను అక్షరములతో పిలువబడు ఆరు సాధారణ కారకములు కావలెను. వీటిలో కొన్ని ఒక్కొక్కటి పది, పదునైదు ప్రోటీనుల కూటమి. ఈ వివరములు ముఖ్యముగా ఈస్టునందు, మానవ కణములందు తెలియవచ్చినవి. రెండవ పాలిమరేజు ఆకృతిని పరమాణువుల స్థాయిలో చూపిన రోజర్ కార్న్‌బర్గ్‌కు 2006లో రసాయన శాస్త్రపు నోబెల్ బహుమతి లభించెను.

డి కారకములోని ఒక ప్రోటీను ప్రారంభమునకు 25, 30 అక్షరములు ముందుండు స్థానమున డి.ఎన్.ఏ.ను జీనువలె పట్టి సుమారు 80 అంశముల కోణముతో వంచును. చూచుటకు ఇంత బలప్రయోగము జరిగినను ఎ.టి.పి. ఖర్చు లేదు. ఎ దానిని స్థిరపరచును, బి పాలిమరేజుకు చోటు చూపును, ఎఫ్ పాలిమరేజును వెంటబెట్టుకొని వచ్చును. చివరగా ఇ వచ్చి హెచ్‌ను పిలుచును. ఇంతమంది చేరినను తలుపు మూసియే యుండును.

హెచ్ కారకము పది ప్రోటీనుల కూటమి. దానిలోని ఒక ప్రోటీను, విడివడవలసిన చోటికి దిగువనున్న డి.ఎన్.ఏ.ను పట్టుకొని, ఎ.టి.పి.ని చీల్చుచు పాలిమరేజు చీలికలోనికి త్రోయును. ఎగువ కొన ఇతర కారకముల పట్టులో కదలకుండ నుండుటవలన, త్రోయబడిన డి.ఎన్.ఏ. మెలిక విప్పుకొని పేటలుగా విడిపోవును. తాటి ఒక కొనను కాలితో త్రొక్కిపట్టి రెండవ కొనను ఎదురు మెలిపెట్టుటవంటిదే ఇదియు. రెండవ పాలిమరేజుకు ఎ.టి.పి. ఇటుకగానే గాక నాణెముగా కూడ కావలెనని 1982లో పైన చెప్పిన ఉపాయముతోనే తేల్చిరి. హెచ్‌లోని మరియొక ప్రోటీను ఎ.టి.పి.నుండి ఫాస్ఫేటును తీసికొని పాలిమరేజు తోకకు తగిలించును. అప్పుడు పాలిమరేజు తన పరివారమును విడిచి ముందుకు సాగును.

మెలిక విప్పుటయే అసలు కీలకమని తెలుపు ప్రయోగ మొకటి కలదు. బాక్టీరియపు డి.ఎన్.ఏ.వలె ముందుగనే ఎదురు మెలిక పెట్టియున్న డి.ఎన్.ఏ.ను ఇచ్చినప్పుడు, ఒక జన్యువువద్ద రెండవ పాలిమరేజు హెచ్ కారకము లేకయే, కొద్ది తోడుతోనే పని ప్రారంభించెనని 1993లో జెఫ్రీ పార్విన్, ఫిలిప్ షార్ప్ చూపిరి. ముందే శిస్తు కట్టినచో తలుపువద్ద నాణెము అడుగరన్నమాట. మొదటి, మూడవ పాలిమరేజులకు సైతము ఈ నాణెము అక్కరలేదు. అయితే కేంద్రకములో డి.ఎన్.ఏ. హిస్టోను ప్రోటీనుల ఉండలకు చుట్టబడి యుండును. ఆ ఉండలను ప్రక్కకు జరుపుటకు వేరే యంత్రములు కలవు, వాటికి వేరే ఎ.టి.పి. ఖర్చు కలదు.

నీట మునిగిన మడిలో

ఈ లెక్కలన్నియు కణములో ఎ.టి.పి. సమృద్ధిగా నున్నంతకాలము ఎవరికిని పట్టవు. వరద వచ్చినప్పుడు పట్టును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ పేటలను ముంచెత్తెను. ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారెను. డెల్టాలో వరి మడులు నీట మునిగెను. నీటిలో ఆక్సిజను వ్యాపించు వేగము గాలిలోకన్న సుమారు పదివేల రెట్లు తక్కువ. ఆక్సిజను ఉన్నప్పుడు ఒక గ్లూకోజు అణువునుండి 30 వరకు ఎ.టి.పి.లు వచ్చును. అది లేక పులియుటవలన వచ్చునవి రెండే. సరిగా ఆ సమయమునందే మొక్క క్రొత్త జన్యువులను తెరువవలసియుండును, ఎందుకనగా పులియుటకు కావలసిన ఆల్కహాలు డీహైడ్రోజినేజు వంటి ఎంజైములను అప్పుడు హెచ్చుగా తయారుచేయవలెను. రాబడి తగ్గినప్పుడు ఖర్చు పెరిగినట్లు.

సామాన్యపు వరి రకములు మునిగినప్పుడు తల నీటిపైకి ఎత్తుటకు ఆకులను, కాండమును త్వరత్వరగా సాగదీయును. నిల్వయున్న చక్కెర అందులో కరగిపోయి, నీరు తీసిన తరువాత ఆ మొక్క పడిపోవును లేక చచ్చును. ఒడిషాకు చెందిన ఎఫ్.ఆర్. 13-ఎ అను పాత రకము ఇట్లు చేయదు. దాని రహస్యము సబ్-1-ఎ అను జన్యువని 2006లో కెనాంగ్ షూ, డేవిడ్ మకిల్, పమేలా రొనాల్డ్ మొదలగువారు ప్రకటించిరి. ఈ జన్యువు తయారుచేయు ప్రోటీను ఒక అనులేఖన కారకము. పైన చెప్పిన ఆరు సాధారణ కారకములు ప్రతి తలుపు వద్దను ఉండునవి. ఇది ఎన్నుకొన్న తలుపులకు మాత్రమే పోయి వాటిని హెచ్చరించు విశేష కారకము. నీటిలో మునిగిన మొక్కలో ఇథిలీను వాయువు బయటికి పోలేక పేరుకొనును. దాని ప్రేరణచే సబ్-1-ఎ జన్యువు తెరచుకొనును. పిమ్మట సాగుదలను ప్రోత్సహించు గిబ్బరెల్లిను ప్రభావమును అణచు ప్రోటీనులు హెచ్చును. మొక్క ఎదుగుట మానివేసి, చక్కెరను దాచుకొని, నీటి అడుగున ఊపిరి బిగబట్టి యుండును.

సబ్-1-ఎ తానుగా ఎవరి ఖర్చును చెల్లించదనునది గమనింపదగినది. అది పిలిచిన ప్రతి జన్యువు వద్దను హెచ్ కారకము యథాప్రకారము ఎ.టి.పి.ని చీల్చవలసినదే. కాని సాగుదలకు పోవు పెద్ద ఖర్చును ఆపివేయుటవలన, ఆ చిన్న ఖర్చులకు నాణెములు మిగులును. ఇదే కుటుంబమునకు చెందిన స్నార్కెల్ అను కారకములు లోతునీటి వరిలో దీనికి సరిగా వ్యతిరేకముగా, మొక్కను నీటికన్న ఎత్తుగా పెరుగునట్లు చేయును. నెలల తరబడి నీరు నిలుచు పల్లములలో అదే తగిన ఉపాయము. వారము, పది దినములలో వరద తీయు మడులలో సబ్-1-ఎ మార్గము మేలు.

పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధన కేంద్రములో రూపొందిన ఎం.టి.యు. 7029, అనగా స్వర్ణ, రకములోనికి సంకరణముచే ఈ జన్యువును చేర్చిరి. 2009లో భారతదేశమున విడుదలయైన ఈ స్వర్ణ-సబ్1 సుమారు రెండు వారముల మునకను తట్టుకొనును. బాపట్లనుండి వచ్చిన సాంబమసూరికి కూడ ఇదే జన్యువును చేర్చిరి. అయితే దీనికి హద్దులు కలవు. కొల్లేరు అంచులవంటి పల్లములలో నీరు రెండు వారములు దాటి నిలిచినచో దాచిన చక్కెర కూడ అయిపోవును. విత్తనమును నేరుగా వెదజల్లిన మడిలో, మొలకెత్తకముందే వాన నీరు నిలిచినప్పుడును సబ్-1-ఎ అక్కరకు రాదు. అచ్చట కావలసినది ఎదుగుదలను ఆపుట కాదు, గింజలోని పిండిని చక్కెరగా మార్చి మొలకను నీటిపైకి పంపుట. దానికి తోడ్పడు జన్యువును 2015లో మయన్మారుకు చెందిన ఖావ్ హ్లాన్ ఆన్ అను వరి రకములో గుర్తించిరి. అది అనులేఖన కారకము కాదు. ట్రెహలోజు ఫాస్ఫేటు అను చక్కెర సంకేతమును తగ్గించు ఒక ఎంజైము. ఆ సంకేతము తగ్గినప్పుడు గింజ తనలో చక్కెర కొరవడినదని భావించి, పిండిని కరగించు జన్యువులను తెరచుకొనును.